రాయికి రాయి

ఇనుప సామాన్ల కొట్టాయన తన ఇంటి హాల్లోకి వచ్చి కూర్చోగానే, కళ్లజోళ్ల షాపాయన తన కుర్చీని జానెడు వెనక్కి లాక్కున్నాడు. తుప్పు వాసన ఆయనకు పడదు.

ఇద్దరూ తోడల్లుళ్లు. అక్కను ఇనుపాయన చేసుకున్నాడు, చెల్లెల్ని అద్దాలాయన. ఒకరంటే ఒకరికి గిట్టదు. ఖర్మకొద్దీ పిచ్చి మాత్రం ఇద్దరిదీ ఒకటే. ఎవరి మేడ మీద వాళ్లు టెలిస్కోపు పెట్టుకుని ఆకాశాన్ని జల్లెడ పడుతుంటారు.

కుజుడికీ గురుడికీ మధ్య లక్షల గ్రహశకలాలు, అంటే రాళ్లు, సూర్యుడి చుట్టూ తిరుగుతుంటాయి. వాటిలో కొత్తదాన్ని ఎవరు ముందు చూస్తే, పేరు పెట్టే హక్కు వాళ్లది. ఒకటే మెలిక. తన పేరు తాను పెట్టుకోకూడదు.

కొట్టు బోర్డు మీద పేరు రెండు వానలకే వెలిసిపోతుంది. అక్కడైతే ఎప్పటికీ వెలిసిపోదు. ఇద్దరికీ కావలసింది అదే. చెరో కొత్త రాయిని చూశామని ఇద్దరి నమ్మకం. కాబట్టి మారకం ఒక్కటే దారి. నీ రాయికి నా పేరు, నా రాయికి నీ పేరు. మనిషి నచ్చలేదని మంచి బేరం వదులుకునేవాడు వ్యాపారి కాడు.

"ముందే చెప్తున్నా, నీది నాసిరకం," అన్నాడు ఇనుపాయన. "పాత ఇనుములో వేసినా తూకానికి రాదు. దానికి నా పేరంటేనే రోతగా ఉంది."

"మీది మాత్రం వజ్రమా అన్నయ్యా? మా షాపులో కళ్లు పరీక్షించే బోర్డు మీద ఆఖరి వరుస అక్షరంలా, ఉందనుకుంటే ఉంది, లేదనుకుంటే లేదు."

"నేను చూసి నాలుగేళ్లయింది. నువ్వు నిరుడు చూశావు. ముందు ఎవరో గుర్తుపెట్టుకో."

"చూసి ఏం లాభం? మూడు వారాలకే పారేసుకున్నారుగా!"

"పారేసుకోలేదయ్యా, మబ్బు పట్టింది. నీదే ఎవడో పారేసింది ఏరుకొచ్చినట్టుంది."

ఇనుపాయన టీ జుర్రాడు. ఆ చప్పుడుకు అద్దాలాయన కళ్లు మూసుకున్నాడు. రుమాలు తీసి తన కప్పు అంచు తుడిచాడు. అది చూసి ఇనుపాయన ఇంకా గట్టిగా జుర్రాడు.

తిరిగే దారి లెక్క తేలని రాయికి పేరు ఇవ్వరు. అవతలివాడికి తన కొలతలు చూపించడం ఇద్దరికీ ఇష్టం లేదు. ఇద్దరూ నమ్మే మనిషి ఒక్కరే, ఇనుపాయన భార్య. కాలేజీలో లెక్కలు చెబుతుంది. "ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే పేర్ల బేరమా," అంటూనే పొద్దున ఇద్దరి కొలతలూ తీసుకుని పక్కగదిలో కూర్చుంది.

"వదిన దగ్గర నా కొలతలు చూడలేదు కదా మీరు?"

"ఛీ! నీ ఎంగిలి నాకెందుకు?"

"అయితే ఖాయం చేద్దామా?"

ఇనుపాయన తేలిగ్గా ఖాయం చేసే రకం కాదు. తన మూడు వారాల కొలతలు చాలుతాయో లేదోనని లోపల బెంగ. అందుకే ఒక షరతు బిగించాడు.

"రేపు ఒకరి రాయి తేలకపోయినా సరే, రెండోవాడు మాట నిలబెట్టుకోవాల్సిందే. నాకు లేదు కాబట్టి నీకూ లేదంటే కుదరదు."

"అది మీకూ వర్తిస్తుందిగా?"

"వర్తించనీ. నాది తిరుగులేని మాట."

చేతులు కలిపారు. ఆ వెంటనే ఒకాయన రుమాలుకీ, ఇంకొకాయన ప్యాంటుకీ చెయ్యి తుడుచుకున్నారు.

పక్కగది తలుపు తెరుచుకుంది. ఆవిడ కళ్లద్దాలు నుదుటి మీదకు తోసుకుంటూ వచ్చింది.

"బేరం కుదిరిందా?"

"కుదిరింది. ఇక వెనక్కి లేదు," అన్నారు ఇద్దరూ ఒకేసారి. పుట్టి బుద్ధెరిగాక ఒక్క మాట మీద నిలబడడం వాళ్లకు అదే మొదలు.

"మంచిది," అంది ఆవిడ. "మీరిద్దరూ చూసింది ఒకే రాయి, ముందు చూసింది మా ఆయన కాబట్టి దానికి పెట్టేది మీ పేరు, మరిదిగారూ."