ఉప్పు వచ్చేదాకా

లాంబ్రిని సంచి మళ్లీ విప్పింది. మొక్కజొన్న రొట్టె తీసి మేజోళ్ల కింద పెట్టింది. మేజోళ్లు తీసి ఉల్లిపాయల కింద పెట్టింది. గ్రీసులోని యానినా పట్నం కోట గుమ్మం పక్కన కంచరగాడిద విసుగ్గా కాళ్లు మార్చుకుంటోంది.

"ఆ సంచి నాతో రావాలా, నీ దగ్గరే ఉండాలా?" అన్నాడు ఆమె భర్త ఫోటిస్.

"సంచి ఇక్కడుంటే నువ్వూ ఇక్కడే ఉంటావని."

"ఉప్పు లేకుండా ఎన్నాళ్లు తింటాం? ప్రెవెజా రేవు దాకా వెళ్తా, మొక్కజొన్నలిస్తా, ఉప్పు తెస్తా. అంతేగా!"

"అంతేగా అనే వెళ్లాడు మన పక్కింటి స్టాథిస్. ఏడీ? దారి పొడుగునా జర్మన్ల తుపాకులు."

మూడు కాళ్ల చెక్కపెట్టె వెనకనుంచి ఫోటోల మెనాహెమ్ తల బయటపెట్టాడు. అతని కొట్టు ఆ గుమ్మం లోపలి వీధిలోనే.

"ఏడుపు మొహాలకైతే నా కాగితం దండగ, ముందే చెబుతున్నా. మిగిలినవి రెండే. ఒకటి నలుపూ తెలుపూ తిరగేసిన బొమ్మకి, ఒకటి దాన్నుంచి దించే అసలు బొమ్మకి. మళ్లీ కాగితం ఎప్పుడొస్తుందో నాకు తెలీదు."

"నేను దిగట్లేదు మామా. ఆయన ఒక్కడిదే తియ్యి. దూరం పోయేవాడి బొమ్మ, వాడొచ్చేదాకా దేవుడి పటం పక్కన ఉండాలని మా అత్త చెప్పింది."

ఫోటిస్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అంతలోనే నవ్వుతూ వెళ్లి మెనాహెమ్ రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు.

"ఊరందరి మొహాలూ తీశావు. నీ మొహం ఎప్పుడైనా ఎవరైనా తీశారా?"

"ఒరేయ్, వదలరా! పెట్టె మూత ఎవరు తీస్తారు?"

"లాంబ్రిని తీస్తుంది. ఎట్లాగో నువ్వు అరిచి చెప్పు."

లాంబ్రినికి ఒళ్లు మండింది. "ఉన్నది ఒక్క బొమ్మ. అందులో ఈ ముసలాయన దేనికి? నువ్వు తిరిగొచ్చాక ఆయన సగం కత్తిరించి పారేస్తా."

"కత్తిరించుకో పిల్లా. నా మొహం ఇంట్లో అద్దంలో ఉందిలే. ముందు మూత తియ్యి. ఆఁ... ఇంక ముయ్యి! ముయ్యమంటుంటే!"

తర్వాత మెనాహెమ్ పెట్టెకున్న నల్లగుడ్డ గొట్టంలో చెయ్యి దూర్చి, లోపలే మందులో బొమ్మ తేల్చి, దాన్నుంచి అసలు బొమ్మ దించుతూ చాలాసేపు తడిమాడు. చివరికి నల్లకాగితం చుట్టి, దారం కట్టిన పొట్లం బయటకు తీశాడు.

"ఇది ఇంకా పచ్చిది. బొమ్మని నిలబెట్టే మందు నా దగ్గర అయిపోయింది" అన్నాడు. "ఈ కాగితం మీద వెండి ఉంటుంది. అది బ్రోమిన్ చెయ్యి పట్టుకుని కూచుంటుంది. వెలుతురు తగిలిందా, ఆ చెయ్యి వదిలేసి నల్లబడిపోతుంది. బొమ్మకి అక్కర్లేని వెండిని కడిగేస్తేగానీ ఇది వెలుతురు చూడకూడదు."

"దేంతో కడుగుతావు?"

"మందు లేకపోతే ఉప్పు. ఇంక కరగదు అన్నంత ఉప్పు వేసిన నీళ్లలో, చీకట్లో, ఒక రోజంతా నానెయ్యాలి. ఉప్పులో ఉన్న క్లోరిన్ ఆ మిగిలిన వెండిని మెల్లగా వెంటబెట్టుకుపోతుంది. తర్వాత మంచినీళ్లలో కడిగి ఆరబెట్టడమే."

ముగ్గురూ సంచి వంక చూశారు. ముందు ఫోటిస్ నవ్వాడు.

"అంటే నేనొస్తేనే నా బొమ్మ నిలబడుతుందన్నమాట."

లాంబ్రిని నవ్వలేదు. పొట్లం లాక్కుని గుండెలకి అదుముకుంది.

"నా దగ్గర ఉంచమ్మాయ్, నీకు ఆత్రం ఎక్కువ" అన్నాడు మెనాహెమ్.

"ఇవ్వను."

"అయితే విప్పకు. విప్పావో, మొగుడి మొహం మసే. ఉప్పు రాగానే పట్టుకురా. శనివారం మాత్రం రాకు, మా విశ్రాంతి రోజు, పని ముట్టుకోను. ఆదివారం వచ్చెయ్."

ఫోటిస్ వెళ్లిపోయాడు. సరస్సు అవతల ఉన్న తమ ఊళ్లో లాంబ్రిని ఆ పొట్లాన్ని దేవుడి పటం పక్కన పెట్టింది. ఒక సాయంత్రం దిగులు ఆపుకోలేక దారం ముడి విప్పింది. మెనాహెమ్ మాట గుర్తొచ్చి గబగబా మళ్లీ కట్టేసింది. రెండో వారం చివర్న మంచు పడింది. పట్నం వైపు ఎవరూ వెళ్లలేదు, అటునుంచి ఎవరూ రాలేదు. ఫోటిస్ ఆ మంచులో ఎక్కడ పడి ఉన్నాడోనని ఆమె శనివారమంతా తలుపు దగ్గరే కూచుంది.

ఆదివారం మధ్యాహ్నం తలుపు తెరుచుకుంది. ఎదురుగా ఫోటిస్. కంచరగాడిదను జర్మన్లు లాక్కున్నారు. సంచి మాత్రం భుజాన ఉంది, ఉప్పుతో బరువుగా.

లాంబ్రిని అతన్ని తడిమి తడిమి చూసుకుంది. ఏడ్చింది. ఆ తర్వాత గిన్నెడు ఉప్పు తీసుకుని, పొట్లం చంకన పెట్టుకుని లేచింది.

"ఇప్పుడెక్కడికే?"

"ఆదివారం రమ్మన్నాడుగా మామ."

సాయంత్రానికి గిన్నె, పొట్లం రెండూ అలాగే తిరిగొచ్చాయి.

"కొట్టు మూసుంది. గడప మీద మంచు కూడా ఊడ్చలేదు. అడుగుదామంటే ఆ వీధిలో మనిషే లేడు. అవతల రొట్టెలమ్మే ఆవిడ నన్ను చూసి కిటికీ మూసేసుకుంది."

"వస్తాడులే. ఎట్లా చెయ్యాలో చెప్పాడుగా, నువ్వే చెయ్యి."

ఆమె చెప్పినట్టే చేసింది. ఉప్పు కరగడం మానేసేదాకా కలిపి, నేలమాళిగ చీకట్లో నానబెట్టి, మర్నాడు కడిగి, ఆరబెట్టి, భయం భయంగా కిటికీ దగ్గరకు తెచ్చింది. నల్లబడలేదు. కాస్త పసుపు రంగు తిరిగిందంతే. ఫోటిస్ నవ్వుతున్నాడు. పక్కన మెనాహెమ్ చెయ్యి ఎత్తి, నోరు తెరిచి, మూత ముయ్యమని అరుస్తున్నాడు.

లాంబ్రిని మేకుకున్న కత్తెర తీసింది. కాసేపు చూసి, మళ్లీ మేకుకే తగిలించింది.

"ఉండనీ. మామకి చూపించాలి."

ఫోటోల మెనాహెమ్‌నీ ఆ వీధిలో అతని తోటి యూదులందరినీ జర్మన్లు 1944 మార్చి 25, ఆ శనివారమే తెల్లవారుతుండగా లారీలెక్కించి తీసుకుపోయారు. అతను తిరిగి రాలేదు.