గోరంత స్ఫటికం

వనపర్తి కాలేజీ ల్యాబ్‌లో పరిశోధక విద్యార్థిని హెప్సిబా మిఠాయి అందిస్తే, అక్కడ ఊడ్చే జమ్ములమ్మ చెయ్యి చాపలేదు.

“నాకెందుకు బిడ్డా? ఆ దినం హీటర్ స్విచ్చు బంద్ చేసింది నేనే. అంటుకుంటదేమోనని భయమైంది. దుమ్ము పడొద్దని గిన్నె మీద బొంత గూడ కప్పిన.”

రెండేళ్లుగా ఇసుక రేణువును మించి పెరగని పెరోవ్‌స్కైట్ స్ఫటికం, వెలుగును కరెంటుగా మార్చేది, గిన్నెలోని ద్రావణం ఆ బొంత కింద మెల్లగా చల్లారడంతో గోరంత పెరిగింది. మర్నాడు బొంతను తీసింది హెప్సిబానే. అయినా వేడిని కొంచెం కొంచెంగా తానే తగ్గించానని పరిశోధన వ్యాసంలో రాసుకుంది. దాన్ని సైన్సు పత్రికవాళ్లు అచ్చుకు తీసుకున్నందుకే ఈ మిఠాయి.

“నేను పని చెడగొట్టినా నువ్వు సారుకు చెప్పలే,” అంటూ జమ్ములమ్మ కళ్లు తుడుచుకుంది. “నా కొలువు కాపాడినవ్. దేవునికి మొక్కినప్పుడల్లా నీ పేరు తీస్త.”

హెప్సిబా తలెత్తలేకపోయింది. “నువ్వు చెడగొట్టలే పెద్దమ్మా. దాన్ని పెంచిందే నువ్వు. ఆ సంగతి నేనే దాచిన.”

జమ్ములమ్మకు ఏమీ అర్థం కాలేదు. హెప్సిబా ఆమె చెయ్యి పట్టుకుని ప్రొఫెసర్ గదిలోకి నడిచింది.

“సార్, ఆ వ్యాసం జర ఆపుండ్రి. స్ఫటికం ఎట్ల పెరిగిందో ఈమె చెప్తది.”