సగం గీకిన గోడ

పెయింటర్ నిచ్చెన మీద ఉన్నాడు. కింద ఎవరో ముసలాయన పది నిమిషాలుగా తలెత్తి పైకే చూస్తున్నాడు.

"ఏం పెద్దాయనా, ఇక్కడేమైనా సినిమా ఆడుతోందా?"

"కిటికీ అంచు చూస్తున్నా బాబూ. గీత వెంట్రుకవాసి కూడా పక్కకి పోలేదు. మంచి చెయ్యి."

పొగడ్తలు పెయింటర్‌కి కొత్త కాదు. ఆ వీధిలో ఇళ్ళన్నీ చెక్క ఇళ్ళే. బయటి గోడలకి రంగు వెయ్యాలంటే అందరూ అతన్నే పిలుస్తారు.

"పనేమైనా ఉంటే చెప్పు బాబూ. పాత రంగు గీకుతాను, చెక్క ఆరబెడతాను. ఒకప్పుడు రంగూ వేసేవాణ్ణి. ఇప్పుడు చెయ్యి వణుకుతోంది."

"నాకెవరూ అక్కర్లేదు. పాత రంగు మీదే రెండు పూతలు కొడితే సరిపోయేదానికి గీకడమెందుకు, దండగ!"

ముసలాయన సంచి భుజాన తగిలించుకుని వెళ్ళిపోయాడు.

వారం తిరిగేసరికి అదే వీధిలో టైలరు ఇంటి గోడ దగ్గర ప్రత్యక్షమయ్యాడు. చేతిలో రంగు గీకే స్క్రేపర్ ఉంది.

పెయింటర్‌కి ఒళ్ళు మండిపోయింది.

ముసలాయనకి తొందరన్నది లేదు. ఒక్కో పలకా వేలితో తట్టి చూసి గీకేవాడు. పుచ్చిన చోట కోసేసి కొత్త ముక్క అతికేవాడు. వాన పడితే సంచి సర్దుకుని వెళ్ళి, బాగా ఎండ కాశాక గానీ మళ్ళీ వచ్చేవాడు కాదు. ఆఖరికి గోడంతా రంగుకి ముందు వేసే తెల్లటి ప్రైమర్ పూసి, దాన్ని అలాగే వదిలేసి ఇంకో ఇంటికి పోయేవాడు.

"రంగు వెయ్యడం చేతకాదు గానీ పేరు మాత్రం కావాలి" అన్నాడు పెయింటర్ అన్నం ముందు కూర్చుని.

"ఎవరికి?" అంది భార్య.

"ఇంకెవరికి? ఆ ముసలాడికి!"

"పొద్దుట్నుంచి ఇది పదోసారి. పెళ్ళికి ముందు నన్ను కూడా ఇంతలా తలుచుకోలేదు నువ్వు."

"టైలరు వాడికి కుర్చీ వేశాడు, తెలుసా? పదేళ్ళలో నాకు మంచినీళ్ళిచ్చిన పాపాన పోలేదు!"

అసలు మంట అదన్నమాట.

నెల తిరక్కుండా టైలరు నుంచి కబురొచ్చింది.

"గోడ ఆరింది. ఇక మీ వంతు. వచ్చి రంగు వెయ్యండి."

"చూశావా! వాడి వల్ల కాదని తేలిపోయింది. మళ్ళీ నా దగ్గరికే వచ్చారు" అని పెయింటర్ భార్య ముందు మీసం దువ్వాడు.

ఆ తర్వాత లెక్చరరు ఇల్లూ అంతే, బేకరీ ఆయన ఇల్లూ అంతే. ముందు ముసలాయన, వెనక పెయింటర్.

ఇదివరకు ఏడాది తిరిగేసరికే పొరలు లేచే రంగు, ఆ మూడిళ్ళ మీద రెండు వానాకాలాలు చూసినా చెక్కుచెదరలేదు. తన చెయ్యి ఇప్పటికి పండిందనుకున్నాడు పెయింటర్. అయినా కడుపుమంట చల్లారలేదు. వీధిలో ఎవరైనా ముసలాయన్ని "రండి, కూర్చోండి" అంటే చాలు, ఆ పూట అన్నం సహించేది కాదు.

మూడో ఏడు ముసలాయన పళ్ళ డాక్టరమ్మ ఇంటికి నిచ్చెన వేశాడు. వీధి మొత్తానికి పెద్ద ఇల్లు అదే. పెయింటర్ ఇక ఉండబట్టలేకపోయాడు.

"డాక్టరమ్మగారూ, మీ మంచికే చెబుతున్నా. ఈయన పనిచేసిన ఇంట్లో వాచీ కనపడకుండా పోయింది. కాస్త కనిపెట్టి ఉండండి."

డాక్టరమ్మ అతని మొహంలోకి వింతగా చూసింది.

"ఈ మాట నువ్వే చెబుతున్నావా?"

"నేను కాకపోతే ఇంకెవరు చెబుతారండీ?"

ఆ మధ్యాహ్నమే డాక్టరమ్మ పని మానిపించడంతో ముసలాయన నిచ్చెన దిగాడు. అప్పటికి ఎడమవైపు సగం గోడే పూర్తయింది. స్క్రేపర్ని గుడ్డతో తుడిచి సంచిలో పెట్టుకున్నాడు. గేటు దగ్గర పెయింటర్ ఎదురైతే ఆగాడు.

"కుడివైపు చెక్క ఇంకా తడిగా ఉంది బాబూ. ఆరనిచ్చి వెయ్యి."

"నా పని నాకు తెలుసులే."

మర్నాడే పెయింటర్ గోడంతా ఏకంగా రంగు కొట్టేశాడు. ఇల్లు అద్దంలా మెరిసింది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

వానాకాలం వచ్చి వెళ్ళింది. డాక్టరమ్మ కబురు పెట్టింది.

పెయింటర్ వెళ్ళి గోడ ముందు నిలబడ్డాడు. ఎడమవైపు రంగు నిన్న వేసినట్టుంది. కుడివైపు బుడగలు లేచి పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. వేలితో నొక్కితే చెక్క మెత్తగా లోపలికి పోయింది. రెండింటికీ మధ్య నిలువునా ఒక గీత. ముసలాయన ఆ రోజు పని ఆపిన చోటే అది.

టైలరు ఇల్లు, లెక్చరరు ఇల్లు, బేకరీ ఆయన ఇల్లు వరసగా కళ్ళ ముందు తిరిగాయి. అక్కడ నిలబెట్టింది తన చెయ్యి కాదని తెలిసి పెయింటర్ సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఆయన్ని పిలిపించండమ్మా. వాచీ సంగతి అబద్ధం. కుళ్ళుకొద్దీ అన్నాను."

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఎక్కణ్ణుంచి పిలిపించను? ఆ వారమే గది ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. అయినా ఆయన మీద నీకు కుళ్ళేమిటయ్యా?"

"నా పని లాగేసుకుంటున్నాడని..."

"లాగేసుకోవడమా? 'నేను పెయింటర్ గారి దగ్గర పనివాణ్ణమ్మా, చెక్క సిద్ధం చెయ్యడమే నా వంతు, రంగు మా బాబే వేస్తాడు' అని ప్రతి ఇంట్లో చెప్పే కదా పనిలో దిగేవాడు; ఆ బాబువి నువ్వే వచ్చి దొంగ అంటే, నేను నమ్మక ఏం చెయ్యను?"