పచ్చ చుక్కలు

సరిహద్దు ఏరు పాలేటి గట్టు మీద రెణ్ణెల్లుగా ఐదుగురు కాపలా ఉంటే, ఒకనాడు తెల్లారేసరికి నలుగురి తలలు తెగిపడ్డాయి. ప్రాణాలతో మిగిలింది స్తెఫను ఒక్కడే.

"రజాకార్లకి దారి చూపింది వీడే!" అన్నాడు రత్తయ్య. చచ్చినవాళ్లలో అతని తమ్ముడు కోటిలింగం ఉన్నాడు. మామూలు రోజుల్లోనే స్తెఫను చేతి మంచినీళ్లు రత్తయ్య ఇంట్లో ఎవరూ ముట్టరు. ఇవాళ రత్తయ్య చేతిలో గొడ్డలి ఉంది. స్తెఫను పళ్లు అప్పటికే రెండు రాలాయి.

"రెణ్ణెల్లుగా నేను గట్టుమీదే ఉన్నానయ్యా."

"అబద్ధం! ఏరవతల వాళ్ల కూడు తింటన్నావురా నువ్వు!"

మిలిటరీలో పనిచేసి వచ్చిన డాక్టర్ జగన్నాథరావు అడ్డుపడ్డాడు. "ఆగు రత్తయ్యా. గట్టు మీద ఉన్నాడో లేదో వాడి రక్తమే చెబుతుంది."

చలిజ్వరం రాకుండా గట్టు మీది కాపలావాళ్లకి రోజూ పసుపురంగు మాత్రలు పంపేది ఆయనే. ఊళ్లో ఇంకెవరికీ ఒక్కటి కూడా ఇవ్వలేదు.

అందరూ జగ్గయ్యపేట టూరింగ్ టాకీసు డేరాలోకి నడిచారు. సినిమా వేసే ఆర్క్ లైటు ముందు డాక్టరు మయిలుతుత్తం నీళ్ల సీసా పెట్టాడు. ఆ నీలి వెలుగులో మైక్రోస్కోపు పెట్టాడు.

"బతికున్న కణంలో పుల్లటి సంచులుంటాయి. మాత్రలోని మందు వాటిల్లో చేరి కూర్చుంటుంది. ఈ వెలుగు పడితే మెరుస్తుంది."

తనూ ఆ మాత్రలు వేసుకుంటాడు కాబట్టి ముందు తన వేలే పొడుచుకున్నాడు. రత్తయ్య కన్ను ఆనించాడు. చీకట్లో అక్కడక్కడ ఆకుపచ్చ చుక్కలు వెలుగుతున్నాయి.

తర్వాత స్తెఫను మూతి నెత్తురు గాజుపలక మీద రాశారు. ఒక్క చుక్కా వెలగలేదు.

డాక్టరు తనే మళ్లీ కన్ను ఆనించి చూశాడు. "మాత్రలు ఏం చేశావురా?"

"ఒట్టేశానయ్యా. చెప్పకూడదు."

"చెప్పరా, చంపేస్తారు!"

స్తెఫను తల అడ్డంగా ఊపాడు.

డాక్టరు చేతులు నలుగురు విరిచి పట్టుకున్నారు. గొడ్డలి మూడుసార్లు లేచింది. మూడోసారి స్తెఫను అరవలేదు. జనం మాత్రం అరిచారు, సిగ్గులేని జనం.

అప్పుడొచ్చింది రత్తయ్య తల్లి సుబ్బమ్మ, కబురు విని పరుగెత్తుకుంటూ. నడుమ చలిజ్వరం పట్టినా మానకుండా కోటిలింగానికి రోజూ గట్టు మీదికి అన్నం మోసిన మనిషి. నేల మీది స్తెఫనును చూసి కూలబడింది.

గాజుల్లోంచి పిన్నీసు లాగి వేలిలో దిగేసుకుంది. ఆ నెత్తురు డాక్టరు ముందున్న గాజుపలక మీద పిండింది. కొడుకు మెడ పట్టి మైక్రోస్కోపు మీదికి వంచింది.

తల్లి నెత్తుట్లో ఆకుపచ్చ చుక్కలు వెలుగుతున్నాయి.