గునపం చప్పుడు

పిల్లాడు నిద్రపోవాలంటే చెయ్యవలసిన పనులు వీరాయమ్మ కూతురికి వేళ్ళు మడిచి మరీ చెప్పింది.

పొద్దున్నే నూనె రాసి, కాళ్ళమీద పడుకోబెట్టుకుని నీళ్ళు పొయ్యాలి. పొద్దుగూకే ముందు ఉప్పుతో దిష్టి తియ్యాలి. మిక్సీ వెయ్యకూడదు. గేటు గొళ్ళేనికి గుడ్డ చుట్టాలి. అల్లుడు కువైట్ నుంచి ఫోన్ చేస్తే వీధరుగు మీదకి వెళ్ళి మాట్లాడాలి.

"ఇంకోటుంది. ఆ వెనక దొడ్లో చప్పుడు ఆపించాలి," అంది చివరికి.

పురిటికని కొత్తపేటలో పుట్టింటికి వచ్చిన సత్యదుర్గకి నిద్ర కరువై పద్దెనిమిది రోజులు. పొద్దుగూకింది మొదలు పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తాడు. పగలు మాత్రం కాసేపు పడుకుంటాడు. అప్పుడే ఆమెకీ ఓ కునుకు.

ఇంటి వెనక కంచె అవతల కొబ్బరి వ్యాపారి తాతారావు దొడ్డి. అక్కడ కాయ వలవడానికి ఎక్కడినుంచో ఒక ముసలాయన కొత్తగా వచ్చాడు. పేరు సత్తియ్య. నేలలో పాతిన గునపం మీద కాయ దింపడం, మెలితిప్పి పైనున్న పీచు డొక్క ఊడదియ్యడం. రోజంతా అదే పని.

దబ్... చర్ర్. దబ్... చర్ర్.

"పగలంతా ఆ చప్పుడుకి బెదిరిపోయే, చీకటి పడితే ఏడుస్తున్నాడు," అని వీరాయమ్మ తేల్చేసింది.

"పగలు పడుకుంటున్నాడు కదమ్మా?"

"అది నిద్రటే? భయం. ఇద్దర్ని కన్నదాన్ని, నాకు చెప్పకు."

వీరాయమ్మ కంచె దగ్గరికి వెళ్ళింది.

"ఏవండీ! ఇంట్లో పసిపిల్లాడున్నాడు. కాస్త చప్పుడు తగ్గించుకోండి."

సత్తియ్య తల ఎత్తి ఆమె మొహంలోకి చూశాడు. నవ్వాడు.

"ఆయ్."

ఆమె గుమ్మం ఎక్కకముందే మళ్ళీ దబ్... చర్ర్.

మర్నాడు ఇంకాస్త గట్టిగా అడిగింది.

"మధ్యాహ్నం పూటన్నా ఆపుతారా, లేదా?"

"ఆయ్. అలాగేనండి."

ఆపలేదు.

"చూసేవా? ఎంత మర్యాదగా ఎక్కిరిస్తున్నాడో! నోటితో ఆయ్ అంటాడు, చేత్తో తన పని తనదే."

సత్యదుర్గకి నవ్వొచ్చింది. "మనూళ్ళో అందరూ అంతేగా అమ్మా. పాలబ్బాయి నీళ్ళు కలిపేనని చెప్పినా నువ్వు ఆయ్ అనే అంటావు."

నాలుగో రోజున వీరాయమ్మ మరోటి కనిపెట్టింది. కాయ పొడిచేటప్పుడు సత్తియ్య కళ్ళు గునపం మీద లేవు. ఈ గది కిటికీ మీద ఉన్నాయి.

"బాలింత గదిలోకి ఆ చూపులేంటే?"

సత్యదుర్గ కిటికీలోంచి చూసింది. ఆ చూపులో ఆమెకి తప్పేమీ కనబడలేదు. కానీ ఆ మాట పైకి అనలేదు. దీంతోనన్నా చప్పుడు పోతే పోనీ అనుకుంది.

వీరాయమ్మ తాతారావుకి ఫోన్ చేసింది. చప్పుడు మాట ఎత్తలేదు. కిటికీ మాట ఒక్కటే చెప్పింది.

"అయ్యయ్యో, వదినగారూ! ఇంకొక్క మాట చెప్పకండి. రేపట్నించి ఆ మనిషి ఇక్కడుండడు."

సాయంత్రం సత్తియ్య గునపం పెకలించి భుజాన వేసుకున్నాడు. వెళ్తూ కిటికీ కేసి ఒకసారి చూశాడు. వీరాయమ్మ రెక్కలు ధడాలున మూసేసింది.

మర్నాటినుంచి ఇల్లు నిశ్శబ్దం.

పిల్లాడు పగలు కూడా నిద్ర మానేశాడు.

మూడు రోజులు గడిచాయి. సత్యదుర్గకి పాలు తగ్గిపోయాయి. డాక్టరమ్మ చూసి, పిల్లాడికి ఏ జబ్బూ లేదు, ముందు తల్లి కంటినిండా నిద్రపోవాలి అంది.

నాలుగో నాడు వీరాయమ్మ కూతురికి బాలింత మందు కాయం చెయ్యడానికి పెరట్లో రోటిముందు నిలబడి శొంఠి దంచింది.

దబ్. దబ్. దబ్.

తొట్టెలో కాళ్ళు తన్నుకుంటున్న పిల్లాడు ఆగాడు. కళ్ళు అటూ ఇటూ తిప్పాడు. పది పోట్లు పడేసరికి రెప్పలు వాలిపోయాయి.

శొంఠి నలిగింది. రోకలి ఆగింది. కాసేపటికి పిల్లాడు లేచి ఏడుపు అందుకున్నాడు.

తల్లీ కూతురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

సత్యదుర్గ దొడ్లోకి నడిచింది. బాలింత గుమ్మం దాటకూడదని వీరాయమ్మ ఆపలేదు.

తాతారావు కాయ లారీకి ఎత్తిస్తున్నాడు. గునపం పాతిన గొయ్యి అలాగే ఉంది. సత్తియ్య నిలబడే చోట నిలబడి ఆమె కిటికీ కేసి చూసింది.

తన మంచం కనబడలేదు. కనబడింది తొట్టె ఒక్కటే. ఊచల మధ్య తన్నుకుంటున్న రెండు చిన్న పాదాలు.

"బాబాయిగారండీ, సత్తియ్యగారిని మళ్ళీ పిలిపించండి. తప్పు ఆయనది కాదు, మాదే."

తాతారావు ఇబ్బందిగా చూశాడు.

"ఎక్కడని వెతకనమ్మా? ఎవరు పిలిస్తే వాళ్ళ ఊరు. ఓడలరేవు వెళ్ళే ఆటో ఎక్కేడని ఎవరో అన్నారు. ఇక్కడున్నప్పుడూ ఆయన తీరు నాకు అర్థం కాలేదు. ఇచ్చిన కాయ మధ్యాహ్నానికే అయిపోయేది. ఆ తర్వాత పొద్దుగూకేదాకా వట్టి డొక్కలే తీసి గునపానికి పొడుస్తూ ఉండేవాడు. మీ అమ్మగారు కిటికీ మాట చెప్పేసరికి, ఓహో అందుకా అనుకున్నాను."

సత్యదుర్గ గొయ్యి పక్కన పడి ఉన్న ఒక డొక్క చేతిలోకి తీసుకుంది.

"ఫోన్ నంబరన్నా ఇవ్వండి. నేను మాట్లాడతాను."

"ఫోన్ ఏం చేసుకుంటాడమ్మా ఆయన? పీచు మిల్లులో పనిచేసి చేసి రెండు చెవులూ పోయి పదేళ్ళయింది. పక్కన పిడుగు పడ్డా వినబడదు. ఎదుటి మనిషి మొహం చూసి ఆయ్ అంటాడు, అంతే."

పోటు పడగానే ఆ చిన్న పాదాలు ఆగడం చూడ్డానికి చెవులక్కర్లేదు.

కోనసీమలో ఏ కొబ్బరి రాశి దగ్గరన్నా, ఏం చెప్పినా ఆయ్ అనే ముసలాయన కనబడితే మీరు సత్తియ్యని గుర్తుచేసుకోండి. వెనకనుంచి పిలవకండి, ఎదురుగా వెళ్ళి నిలబడి, కొత్తపేటలో పిల్లాడు ఇంకా మేలుకునే ఉన్నాడని చేత్తో చెప్పండి.