ఆరో నంబరు చొక్కా

"అదిగో, పిలిచింది," అంటూ తాతగారు కిటికీ వైపు చెయ్యెత్తి ఊపారు.

ఆయన పాదాలకు నూనె రాస్తున్న సాయికుమారి చెయ్యి ఆగిపోయింది. కిటికీ అవతల ప్రహరీ, దాని మీద వాడిన కాగితంపూల తీగ, ఆ పైన ముహర్రక్ విమానాశ్రయంలో దిగబోతున్న విమానం. మనిషి జాడ లేదు. పొద్దు వాలి దీపాలు పెట్టే వేళకి ఆయన రోజూ అలా ఎవరికో చెయ్యి ఊపుతారు. ఈ అరబ్బు దేశానికొచ్చి ఈ ఇంట్లో పనికి కుదిరిన దగ్గర్నుంచీ ఆ వేళంటే ఆమెకి గుబులే.

"ఎవరండీ తాతగారూ మిమ్మల్ని పిలిచేది?" ఇన్నాళ్ళకి ధైర్యం చేసి అడిగేసింది.

ఈ జర్మనీ ముసలాయన హిద్ రేవులో ఓడలు బాగుచేసే చోట మనవాళ్ళతో పనిచేసి చేసి హిందీ పట్టుబడిన మనిషి. మాట నిదానంగా వస్తుంది గానీ అర్థమవుతుంది. ఆయన గోడ మీద అద్దం కట్టిన పాత ఫోటో చూపించారు. చారల చొక్కాల్లో కుర్రాళ్ళు బారుగా నిలబడి ఉన్నారు.

"మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు. పెద్ద టీం కాదు, రిజర్వ్ టీం. పెద్ద టీంలో ఎవడికైనా కాలు విరిగితే మాలో ఒకణ్ణి పంపేవాళ్ళు. వాళ్ళు విడిచేసిన చొక్కాలే మాకు. రైలు పట్టాల పక్కన మసి నేల మా గ్రౌండు. చూడ్డానికి వచ్చేది మా ఇళ్ళవాళ్ళూ, ఓ కుక్కా."

సాయికుమారి నవ్వింది. ఆయన నవ్వలేదు.

"ఆరో నంబరు చొక్కా కార్ల్ అనేవాడిది. ఏట్లో ఈతకెళ్ళి శవమై తేలాడు. తరవాతి ఆటకి వాళ్ళమ్మ ఎప్పట్లాగే వచ్చి బెంచీ మీద కూర్చుంది. ఆ చొక్కా ఇంకో కుర్రాడు తొడుక్కున్నాడు. 'కార్ల్!' అని వాణ్ణి పిలిచింది. వాడు బిత్తరపోయి, ఏం చెయ్యాలో తోచక చెయ్యి ఊపాడు. ఇక అదే మా టీం కట్టుబాటైపోయింది. ఆ చొక్కా ఎవడు తొడుక్కుంటే వాడే కార్ల్. ఆవిడ పిలిస్తే చెయ్యి ఊపాలి. ఏళ్ళ తరబడి అంతే. ఆఖరి కార్ల్‌ని నేను."

"తన కొడుకు కాదని ఆవిడకి తెలీదా అండి?"

"కన్నతల్లికి తెలీకుండా ఉంటుందా?"

"మరి ఎవరో ఒకరు నిజం చెప్పెయ్యకపోయారా?"

"నువ్వైతే చెప్తావా?"

సాయికుమారి తలవంచుకుని మడమకి నూనె పట్టించింది.

"ఒక చలికాలం ఆవిడా పోయింది. శవపెట్టె మేమే మోశాం. ఆ ఆదివారం ఆట మధ్యలో 'కార్ల్!' అని వినపడింది. చూస్తే బెంచీ ఖాళీ. అందరూ ఆగిపోయి నా వంకే చూశారు. నేను చెయ్యి ఊపాను. ఆ ఏడే రిజర్వ్ టీం ఎత్తేశారు. టీం పోయింది, పిలుపు పోలేదు. సముద్రాలు దాటొచ్చినా సరే."

సాయికుమారి నూనె గిన్నె పక్కన పెట్టేసింది. గబుక్కున లేచి లైటు వేసింది. అప్పుడే ఫోను మోగింది. ఊళ్ళో పిల్లాణ్ణి చూసుకుంటున్న తన తల్లి బుల్లెమ్మ.

"ఒసేయ్ సాయీ, కన్నబాబు అన్నం ముట్టలేదే. బళ్ళో పిల్లలు నీకు అమ్మ లేదంట గదా అని ఏడిపించారంట. వచ్చిన కాణ్ణుంచీ దుప్పటి ముసుగెట్టుకుని పడుకున్నాడు."

"ఈ సెలవలకి కూడా నేను రానని చెప్పేశావా ఏంటి?"

"నేనెందుకు చెప్తాను? అయినా ఎన్నాళ్ళని దాస్తామే? నిజం చెప్పేద్దామా ఆడికి?"

"వద్దమ్మా! పసోడు తట్టుకోలేడు. ఇంకాస్త పెద్దోడవనీ."

"అయితే నువ్వే మొహం చూపించి ఊరుకోబెట్టు. అదిగో, ఫోను లాగేసుకుంటన్నాడు..."

వీడియోలో మాట్లాడే ముందు గదిలోకెళ్ళి, అక్క ఎర్రరాయి ముక్కుపుడక పెట్టుకోవడం ఆమె అలవాటు. పనిలో జారిపోతుందని మిగతా వేళల్లో దాన్ని అగ్గిపెట్టెలో దాస్తుంది. ఇవాళ అంత వ్యవధి లేదు. మొహం మరీ స్పష్టంగా కనపడకుండా ఎప్పట్లాగే వెలుగుకి వీపు పెట్టి, ఫోటో ఉన్న గోడకి ఆనుకుని నిలబడింది.

"అమ్మా! పన్ను ఊడింది చూడు!" తెర నిండా తెరిచిన నోరు, ముందు పళ్ళ మధ్య సందు.

"అయ్యబాబోయ్! పెంకుల మీద పడేశావా?"

"అమ్మమ్మ పేడలో పెట్టి విసిరేసింది."

"మా నాన్నే! ఇంక అన్నం తినెయ్యి. రేపు బళ్ళో మా అమ్మ ఉందని గట్టిగా చెప్పు. నేనున్నాను గదా."

"చెప్తాను." వాడు ఫోను దగ్గరికి లాక్కుని కళ్ళు చికిలించాడు. "అమ్మా, నీ ముక్కుపుడకేదీ?"

"తొందర్లో పెట్టుకోలేదురా."

"నీ వెనకాల అమ్మ పెట్టుకుందిగా."

సాయికుమారి తిరిగి చూడకుండానే సర్దిచెప్పింది. "అది ఫోటో అద్దంరా కన్నా. అందులో నా నీడ."

"కాదు. ఎర్రగా మెరుస్తంది. నన్ను పిలుస్తంది."

ఆమె వేళ్ళు ముక్కు తడుముకున్నాయి. ముక్కు బోసిగా ఉంది. తెరలో కన్నబాబు ఆమె భుజం మీదుగా చూస్తూ, ఊడిన పన్ను సందులోంచి నవ్వుతూ, చెయ్యెత్తి ఊపాడు.

వెనక్కి తిరగడానికి ఆమెకి ధైర్యం చాల్లేదు. ఎదురుగా కుర్చీలో తాతగారు కూడా అటే చూస్తున్నారు.

"ఈసారి పిలిచింది నన్ను కాదు," అన్నారు మెల్లగా.

వాణ్ణి కన్న అక్క చనిపోయేనాటికి వాడికి ఆ పన్ను ఇంకా మొలవలేదు.