నదివైపు గది

రదొస్తినా ఫోను మోగుతూనే ఉంది. ఆమె ఎత్తలేదు. ఎదురుగా ఇద్దరు మేస్త్రీలు పోట్లాడుకుంటున్నారు.

"నేను నున్నగా పూత పూశాక ఈయన గోడ పగలగొట్టాడు," అంది బిల్యానా. గోడపని ముఠాకి ఆమే పెద్ద.

"మరి వైర్లు గోడలో పెట్టాలా, నీ నెత్తిన పెట్టాలా?" అన్నాడు కరెంటు మేస్త్రీ యాంకో. "పూత వేస్తున్నానని ఒక్క మాట చెప్పొచ్చుగా."

"నీతో మాట్లాడితేగా చెప్పడానికి."

నిజమే. వేసవి నుంచి ఆ ఇద్దరికీ పోట్లాటే తప్ప మాటల్లేవు. ఏ కబురైనా రదొస్తినా మోయాల్సిందే.

రుసె ఊళ్ళో డాన్యూబ్ నది ఒడ్డునున్న ఆసుపత్రికి కొత్త విభాగం కడుతున్నారు. ఇక వైద్యం లేదని తేలినవాళ్ళు నొప్పి తెలియకుండా చివరి రోజులు గడపడానికి. పని నడిపించే బాధ్యత రదొస్తినాది. సెప్టెంబరుకే తెరవాల్సింది. అక్టోబరు సగం అయిపోయింది. లిఫ్టు ఇంకా ఫ్యాక్టరీ దాటలేదు. ఇంటికెళ్ళి సూపు ముందు కూర్చున్నా ఆమె తలలో సుత్తి దెబ్బలు ఆగడం లేదు.

వీటన్నిటినీ మించిన తలనొప్పి కుత్సరోవ్. ఆసుపత్రి తరఫున పని చూసుకునే అధికారి. పొడుగాటి మనిషి. చేతిలో ఎప్పుడూ గొడుగు. వచ్చినప్పుడల్లా ఒక మార్పు చెబుతాడు. తలుపు ఇంకొంచెం వెడల్పుండాలి. లైటు సూటిగా కళ్ళల్లో పడకూడదు. పిలుపు గంట మంచం మీదినుంచే అందాలి. అన్నీ చెప్పి, పోతూ పోతూ అడుగుతాడు: "ఎప్పటికవుతుందమ్మా?"

ఆ రోజు కిటికీల వంతు వచ్చింది.

"నదివైపు కిటికీలు బాగా కిందికి దించాలి. పడుకున్నవాళ్ళకి ఆకాశం తప్ప ఏమీ కనబడదు."

"నక్షాలు చూసి సంతకం పెట్టింది మీరేగా," అంది రదొస్తినా.

"అప్పుడు నిలబడి చూశాను."

ఆమెకి ఒళ్ళు మండింది. "గోడలన్నీ కోయాలి. క్రిస్మస్ దాటిపోతుంది. త్వరగా తెరవాలా, కిటికీలు దించాలా? ఏదో ఒకటి చెప్పండి."

కుత్సరోవ్ చాలాసేపు నది వైపే చూశాడు. "రెండూ కావాలి. నేను వెళ్ళేలోపు కావాలి," అన్నాడు. గొడుగు నేలకేసి టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయాడు.

"ఈ చలికాలం రిటైరవుతున్నాడట," అన్నాడు యాంకో. "రిబ్బను కత్తిరించి పేపర్లో ఫొటో వేయించుకోవాలని యావ."

"ఆయన ఫొటో కోసం నా గోడలు కోయాలా?" అంది బిల్యానా.

ఆ ఇద్దరూ ఒకే మాట మీద ఉండటం చాన్నాళ్ళకి అదే మొదలు. రదొస్తినా అది గమనించింది.

మర్నాడు పొద్దున ఆమె అందర్నీ ఆఫీసుకి కాకుండా కట్టడంలోకే పిలిచింది. చెక్కబల్ల మీద వేడి వేడి జున్ను రొట్టెలు, బానిత్సా, పెట్టించింది. కుర్చీలు తీయించేసింది.

"రోజూ పొద్దున ఇక్కడే, నిలబడే మాట్లాడుకుందాం. ఇక నేను ఎవరి కబురూ మోయను. యాంకో అన్నా, ఇవాళ మీ పనేమిటో బిల్యానాకి చెప్పండి. నాకు కాదు."

యాంకో గొంతు సవరించుకున్నాడు. గోడకి చెబుతున్నట్టు చెప్పాడు. "చివరి గదిలో వైర్లు లాగుతాను. మధ్యాహ్నానికి వదిలేస్తాను."

"నీ మధ్యాహ్నమా, అందరి మధ్యాహ్నమా?"

అందరూ నవ్వారు. ఆఖరికి యాంకో కూడా.

అప్పుడు రదొస్తినా అసలు సంగతి చెప్పింది. ఇన్నాళ్ళూ అన్ని గదుల్లోనూ చేతులు పెట్టి ఒక్కటీ ముగించలేదు. లిఫ్టు వచ్చేదాకా పైఅంతస్తు ఎలాగూ తెరవలేం. కింద నదివైపు గది ఒక్కటి, కిటికీతో సహా పూర్తి చేసి తెరిచేద్దాం. మిగతావి ఒకదాని తర్వాత ఒకటి.

కుత్సరోవ్‌కి ఫోను చేసింది. "ఒక్క గది ముందిస్తాం. కిటికీ మీరు చెప్పిన ఎత్తులోనే. కానీ ఇంకో మార్పు అడిగారంటే కిటికీ మార్చేది లేదు."

తన గొంతులోని కరుకుదనం ఆమెకే వింతగా వినిపించింది.

"ఒక్క గది చాలమ్మా. ఇంకేం అడగను."

మొత్తానికి నోరు మూయించానని ఆమె ఊపిరి పీల్చుకుంది.

కుత్సరోవ్ మాట నిలబెట్టుకున్నాడు. వచ్చేవాడు, సిమెంటు బస్తా మీద కూర్చుని పని చూసేవాడు, వెళ్ళేవాడు. తర్వాత రావడమే మానేశాడు.

"ఫొటోకి కొత్త సూటు కుట్టించుకుంటున్నాడేమో," అంది బిల్యానా.

కిటికీ అద్దం పగిలి వచ్చింది. ఇంకో అద్దం కోసం యాంకో వ్యాను తీసి రజ్గ్రాద్ ఊరికి బయలుదేరితే, కొలత తప్పు తెస్తాడని బిల్యానా కూడా ఎక్కింది. దారంతా పోట్లాడుకున్నామని ఇద్దరూ సంతోషంగా చెప్పారు. అద్దం మాత్రం చక్కగా సరిపోయింది.

నవంబరులో ఒక సోమవారం గది సిద్ధమైంది. నర్సులు మంచం మీద తెల్ల దుప్పటి పరిచారు. రదొస్తినా మంచి కోటు వేసుకుని గుమ్మం దగ్గర అటూ ఇటూ తిరుగుతోంది. రిబ్బను లేదు. ఫొటోగ్రాఫర్ రాలేదు. కుత్సరోవ్ ఫోను ఎత్తడం లేదు.

"ఇంత తొందరపెట్టిన మనిషి ఇవాళ రాడా?" అన్నాడు యాంకో.

"పక్కకి జరగండి, మొదటి పేషంటు వస్తున్నారు," అంది నర్సు.

అంబులెన్సు రివర్సులో వచ్చి గుమ్మం ముందు ఆగింది; తలుపులు తీసి మెల్లగా దించిన స్ట్రెచర్ మీద, దుప్పటి గడ్డందాకా కప్పుకుని, కుత్సరోవ్ ఉన్నాడు.